పాత వెండి రూపాయికి గ్రేడింగ్ చేయించాలా? ముందు ఇంట్లోనే తేల్చుకోండి

గ్రేడింగ్ సంస్థలు చేసేది రెండు పనులు. నాణెం అసలుదా, నకిలీదా అన్నది తేలుస్తాయి. ఏ స్థితిలో ఉందో చూసి 1 నుంచి 70 వరకు ఒక అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తాయి. 60, ఆపైన వస్తే చలామణీలో అరగని నాణెం అని అర్థం. ఈ రెండింట్లో ఒకటైనా మీ నాణెం ధరను మార్చేలా ఉంటేనే ఫీజు కట్టండి.

1. తోమారేమో చూడండి

మన ఇళ్ళలో ఎక్కువ రూపాయలు ఆగిపోయేది ఇక్కడే. పూజలో పెట్టే నాణేన్ని పండక్కి పండక్కి చింతపండుతోనో, విభూతితోనో తోముతాం. పులుపు వెండి పైపొరను తింటుంది, పొడి సన్నటి గీతలు పెడుతుంది. అచ్చు కొట్టినప్పుడు లోహం పారిన జాడల వల్లే కొత్త నాణేనికి ఆ మెరుపు వస్తుంది. అవి ఒకసారి పోతే మళ్ళీ రావు. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వంచి తిప్పండి. మెరుపు బండిచక్రం ఆకుల్లా చుట్టూ తిరిగితే మంచిది. అంతటా ఒకేలా తెల్లగా ఉండి, 10 రెట్ల భూతద్దంలో ఒకే దిశలో గీతలు కనిపిస్తే తోమినట్టే. గొలుసుకు వేసి తీసిన నాణెమైతే అంచు దగ్గర టంకం మచ్చ ఉంటుంది. ఇలాంటివాటికి అమెరికా గ్రేడింగ్ సంస్థలైన పీసీజీఎస్, ఎన్జీసీ మామూలుగా అంకె వేయవు, ‘డీటెయిల్స్’ అని రాసి పంపుతాయి. ఫీజు మాత్రం పోయినట్టే.

2. సంవత్సరం చూడండి

ఆరో జార్జి బొమ్మ ఉన్న 1938 రూపాయి తేలిగ్గా దొరుకుతుంది, 1939ది చాలా అరుదు. అందుకే 1939కి నకిలీలు ఎక్కువ. నిజాం చార్మినార్ రూపాయి మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. 1330 అంటే 1911-12, అంతేగానీ ఏడువందల ఏళ్ళ నాటిది కాదు.

3. తూచండి

0.01 గ్రాము చూపే త్రాసు కావాలి. 1939 రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. అరిగితే కొంచెం తగ్గుతుంది. తర్వాత త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారానికి కట్టి, అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు 1.13 దగ్గర చూపాలి. 1.22 చూపితే వెండి సగమే. 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయలు అలాంటివే. అయితే 1938 నాణెం మీద చివరి అంకెను 9గా చెక్కితే ఈ పరీక్షకు దొరకదు, ఎందుకంటే లోహం అదే. అక్కడే నిపుణుడి కన్ను కావాలి. బరువు సరిపోయిన 1939కి గ్రేడింగ్ చేయించమనే మా సలహా, అది అరిగి ఉన్నా సరే.

4. విదేశానికి పంపవచ్చా?

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి రూపాయలన్నీ ఇప్పుడు ఈ లెక్కలోకే వస్తాయి. గ్రేడింగ్ కోసమే కదా అని పార్సిల్ చేయకండి. ఏజెంటు తీసుకుంటానన్నా, నాణేన్ని ఎక్కడ చూస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి.

5. లెక్క వేయండి

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. రానుపోను రవాణా, బీమా, ఏజెంటు కమీషన్ కలపండి. ఉదాహరణకు, మామూలుగా 3,000 రూపాయలు పలికే నాణేనికి 63 గ్రేడు వస్తే 6,000 వస్తుందనుకోండి. మొత్తం ఖర్చు 3,500 అయితే మిగిలేది 2,500, అంటే 500 నష్టం. ధరను అమ్మేవాడు అడిగే రేటుతో కాకుండా వేలంలో నిజంగా పలికిన రేటుతో చూడండి. గ్రేడు కూడా మీరనుకున్నదానికంటే ఒక మెట్టు తక్కువే వేసుకోండి. రాజు చెవి, కనుబొమ, కిరీటం ఎత్తు భాగాల్లో కాస్త అరుగుదల ఉన్నా 60 రాదు.

పంపకూడదని తేలితే పీవీసీ కవర్లో ఉంచకండి, కొన్నాళ్ళకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్లో పెట్టండి, అంచులు పట్టుకునే తీయండి, పూజకు వేరే నాణెం వాడుకోండి.