ఇంట్లో పిల్లోళ్ళ ఉయ్యాల, జారుడుబండ ఉంచాలా తీసేయాలా, ఎట్లా తేల్చుకోవాలి

పిల్లోళ్ళు చిన్నగా ఉన్నప్పుడు ముచ్చటపడి ఇంటి ముందర ఉయ్యాల, జారుడుబండ పెట్టించేస్తాం, నాలుగేండ్లు పోయినాక అవి తుప్పు పట్టి ఒక మూల నిలబడి ఉంటాయి, అంత డబ్బు పోసి కొన్నాం కదా అని తీసేయడానికి మనసొప్పదు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, అది ఎట్లాగూ అయిపోయింది. మన అనంతపురం, కడప, కర్నూలు పక్క ముందు చూడాల్సింది రెండే, దాని మీద ఎండ ఎప్పుడు పడుతోంది, దాని కింద నేల ఎట్లా ఉంది. ఈ రెండూ బాగుంటే పాతదైనా రిపేరు చేయించి ఉంచుకోవచ్చు, ఈ రెండూ బాగాలేకపోతే కొత్తది కూడా వద్దు.

ఎండ సంగతి చూడ్డానికి ఒక ఆదివారం చాలు. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, మళ్ళీ నాలుగున్నరకి, ఆరింటికి బయటికొచ్చి నీడ యాడుందో చూడండి. బడి వదిలి పిల్లలు ఇంటికొచ్చే టైముకే పడమటి ఎండ నేరుగా జారుడుబండ మీద కొడుతుంటే ఇంగ ఆ పిల్లోడు ఎప్పుడు ఆడుకోవాల? ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నలభై డిగ్రీలు మామూలే, ఆ ఎండలో రేకు జారుడుబండ పెనం లెక్క కాలుతుంది, చిన్నపిల్లల చర్మం పలచన కాబట్టి క్షణాల్లో బొబ్బలొస్తాయి. ప్లాస్టిక్‌ది, నల్ల రబ్బరు సీటు కూడా తక్కువేం కాదు. మీ చెయ్యి వెనకవైపు ఆనించి ఐదు సెకన్లు పెట్టలేకపోతే పిల్లల్ని ఎక్కనీయొద్దండి. అయితే ఎండ ఒక్కటే సమస్య అయితే తీసేయక్కర్లేదు, ఇంటికి తూర్పు పక్క చోటుంటే అక్కడికి మార్చండి, సాయంత్రానికి మిద్దె నీడ అటే పడుతుంది.

నేల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. మనోళ్ళు ఇల్లు కడితే వాకిలంతా కడప బండలో, బేతంచెర్ల బండలో, తాడిపత్రి బండలో పరిపిస్తారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, కానీ దాని మీద ఉయ్యాల స్టాండు పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించరు. నాలుగడుగుల ఎత్తు నుంచి తల బండకు తగిలితే చాలు. సిమెంటు, గట్టిపడిన ఎర్రమట్టి గరుసు కూడా అంతే, పైన పల్చగా గడ్డి ఉన్నా అది ఏం కాపాడదు. నాలుగడుగుల ఎత్తు వరకు ఉన్న వాటికి కింద కనీసం తొమ్మిది అంగుళాల మందాన ఇసుక ఉండాల, చుట్టూ అన్ని పక్కలా ఆరడుగుల వరకు ఆ ఇసుక పరిచి ఉండాల. అంతకంటే ఎత్తుంటే ఇసుక సరిపోదు. వాన పడి ఆరితే ఇసుక గట్టిపడిపోతుంది, కాబట్టి అప్పుడప్పుడూ పారతో తిరగేస్తుండాల, తేళ్ళు, జెర్రులు చేరకుండా, పిల్లులు పాడు చేయకుండా రాత్రిపూట పట్టా కప్పాల. ఈ పని చేసే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదంటే నా ఉద్దేశంలో తీసేయడమే మంచిది.

ఉయ్యాలకు ఇంకో లెక్కుంది. పైన కట్టిన పైపు ఎంత ఎత్తులో ఉందో దానికి రెండింతలు ముందు, రెండింతలు వెనక ఖాళీ ఉండాల. ఏడడుగుల స్టాండు అంటే ముందు పద్నాలుగు, వెనక పద్నాలుగు, మొత్తం ఇరవై ఎనిమిది అడుగులు. మూడు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టినాక అంత జాగా యాడుంటుంది చెప్పండి, ఊగి ఊగి పోయి కాంపౌండు గోడకు తగులుతారు. జాగా లేకపోతే ఎత్తు తక్కువది పెట్టుకోండి, లేదా ఉయ్యాల ఒక్కటి తీసేసి మిగతావి ఉంచుకోండి.

ఎండ, నేల, జాగా అన్నీ సరే అనుకుంటే అప్పుడు సామాను చూడండి. పైపులు నేలలోకి దిగే చోట మట్టి తవ్వి స్పానరుతో కొట్టి చూడండి, అక్కడే లోపల్నుంచి తుప్పు తినేస్తుంది, పైన పెయింటు మాత్రం బాగానే కనిపిస్తుంటుంది. గొలుసు తగిలించే కొక్కెం సందులో ఏటీఎం కార్డు దూరిపోతుంటే దాన్ని కటింగ్ ప్లేయరుతో నొక్కించండి, బట్టలు తట్టుకునేది అక్కడే. ప్లాస్టిక్‌ను రుద్దితే చేతికి తెల్లపొడి అంటుకుంటోందా, వంచితే తెల్లగా గీత పడుతోందా, అయితే ఎండకు దాని పని అయిపోయినట్టే, దాన్ని రిపేరు చేయలేం. నైలాను తాడు కూడా పీచు లేస్తే మార్చేయండి. మెట్ల మధ్య, కడ్డీల మధ్య సందు తొమ్మిది సెంటీమీటర్ల నుంచి ఇరవై మూడు లోపల ఉంటే ఒళ్ళు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది, దాన్ని వెల్డింగ్ షాపులో మూయించాల. టైరు ఉయ్యాలుంటే అడుగున బొక్కలు పెట్టండి, నిలబడిన నీళ్ళలో వారం పది రోజుల్లోనే డెంగ్యూ దోమలు పుట్టేస్తాయి. ఎక్కేముందు పిల్లల చున్నీ, మెడలో తాయెత్తు దారం తీసేయాల, జారుడుబండకు తాళ్ళు కట్టనీయొద్దు. ఇది చిన్న విషయం అనుకోవద్దు, గొంతుకు ఉరి పడేది ఇట్లాంటి వాటితోనే.

ట్రాంపోలిన్ ఉంటే నేను తీసేయమనే చెప్తా. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఇంట్లో అది వద్దనే అంటుంది, పైగా ఆషాఢంలో మన గాలి సంగతి తెలుసు కదా, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, కట్టేయకపోతే ఎగిరి పక్కింట్లో పడుతుంది.

ఇంట్లో ముదురు వేపచెట్టుంటే మీరు అదృష్టవంతులు, స్టాండు తీసేసి చెట్టుకే ఉయ్యాల కట్టండి. అడ్డంగా పోయిన లావుపాటి పచ్చి కొమ్మ చూసుకోండి, ఎండిపోయింది వద్దు, మొదట్లో చెద పట్టిందా చూడండి. తాడు కింద గోనెపట్టా మడిచి పెడితే కొమ్మ కోసుకోదు. మునగచెట్టుకు మాత్రం ఎప్పుడూ కట్టొద్దండి, ఆ కొమ్మ పటక్కున విరుగుతుంది. చెట్టు కింద కూడా నేల లెక్క అదే, బండలుంటే తీయించాల.

పిల్లలు ఆడుతున్నారా లేదా అనేది కూడా చూసుకోండి, కానీ ఎండాకాలంలో చూసి తీర్పు చెప్పొద్దు, నవంబరు డిసెంబరులో ఒక వారం గమనించండి. అప్పుడు కూడా దాని పక్కకు పోకపోతే, పిల్లల్నే అడిగి, వాళ్ళు సరేనంటే తీసేయండి, చెప్పకుండా తీస్తే చాలా బాధపడతారు.

తీసేసేది గట్టిగా ఉంటే దగ్గర్లో అంగన్‌వాడీకో, చిన్నపిల్లలున్న బంధువులకో ఇవ్వండి, నేల ఎట్లా ఉండాలో కూడా చెప్పి ఇవ్వండి. తుప్పు పట్టింది, పగిలింది మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, గుజిరీ అంగడికే వేయండి. పైపులను నేల మట్టానికి కోసేసి వదిలేస్తుంటారు, అట్లా వద్దు, కాంక్రీటు దిమ్మెతో సహా తవ్వి తీయించి గుంత పూడ్పించండి, లేదంటే పరిగెత్తే పిల్లోడి కాలికి ఆ పైపు అంచే తగులుతుంది.