న్యూక్లియర్ ఫార్మసీలో షిఫ్టు మొదలయ్యే ముందు పాటించాల్సిన జాగ్రత్తలు

న్యూక్లియర్ ఫార్మసీ అంటే రోగులకు ఇచ్చే రేడియోధార్మిక మందులు తయారుచేసే చోటు. అక్కడ జనరేటర్ (మాలిబ్డినం-99 నుంచి టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం పుట్టే పరికరం) నుంచి టెక్నీషియం తీయకముందే, ఆ పూట మందు తయారుచేసేది ఎవరో, సరిచూసి విడుదల చేసేది ఎవరో పేర్లతో సహా రాసి పెట్టుకోవాలి. రెండు పనులూ ఒక్కరే చేస్తే ఎవరి పొరపాటు వారి కంటికి ఆనదు.

టెక్నీషియన్ డోస్ కాలిబ్రేటర్‌ను (మందులోని రేడియోధార్మికతను కొలిచే పరికరాన్ని) సీజియం-137 సోర్స్‌తో పరీక్షించి, వచ్చిన అంకెను జ్ఞాపకం మీద వదిలేయకుండా అప్పటికప్పుడే రిజిస్టరులో ఎక్కించాలి. ద్రావణంలోకి మాలిబ్డినం-99 ఎంత జారిందో కొలిచేది ఆయనే అయినా, ఒక మిల్లీక్యూరీ (రేడియోధార్మికతకు కొలమానం) టెక్నీషియంకు 0.15 మైక్రోక్యూరీ అనే పరిమితి దాటలేదని నిర్ధారించి సంతకం చేయాల్సింది ఫార్మసిస్టే. టెక్నీషియం అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే సమయం) సుమారు 6 గంటలు, మాలిబ్డినంది సుమారు 66 గంటలు; అంటే టెక్నీషియమే త్వరగా తగ్గిపోతుంది. అందువల్ల ఉదయం హద్దులోపల ఉన్న నిష్పత్తి సాయంత్రానికి దాటిపోవచ్చు కాబట్టి, లెక్కను వయల్ నింపిన సమయానికి కాక, రోగికి ఇచ్చే సమయానికి కట్టాలి.

చేతికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ఉంగరం డోసిమీటర్‌ను గ్లవ్ లోపల, దాని కొలిచే ముఖం అరచేతి వైపు ఉండేలా పెట్టుకోవాలి. తొందరలో అది పక్కకు తిరిగిపోవడం మామూలే గనుక, గ్లవ్ తొడిగాక వేలితో తడిమి చూసుకోవడం మేలు. సిరంజికి టంగ్‌స్టన్ కవచం తప్పనిసరి.

పరిసరాల్లోని రేడియేషన్‌ను కొలిచే సర్వే మీటరు పనిచేస్తోందో లేదో రేడియేషన్ భద్రతాధికారి చూడాలి. అనుమానం వస్తే పని ఆపించే అధికారం ఆయనకు ఉందని కొత్తగా చేరినవారికి కూడా తెలిసి ఉండాలి.

మందు చేరవేసే డ్రైవర్‌ను చాలాచోట్ల ఈ లెక్కలోకి తీసుకోరు, అది సరికాదు. మందు పెట్టె పైభాగాన్ని తుడిచి రేడియోధార్మిక కాలుష్యం లేదని తేల్చాకే ఆయనకు అప్పగించాలి. దారిలో మందు ఒలికితే ముందుగా ఎవరికి ఫోన్ చేయాలో బయలుదేరకముందే చెప్పాలి.