మూడు పిండి మరలకు ఒకే బేరింగ్

బాలానగర్‌లో మాది చిన్న షెడ్డు. 1, 2, 3 హెచ్‌పీ పిండి మరలు చేస్తాం. వీలైనన్ని పార్టులు మూడింటికీ ఒకటే ఉండాలంటే, ముందు పెద్ద కాగితం మీద మోడళ్లు అడ్డంగా, పార్టులు నిలువుగా రాయండి. ఎం8 (8 మి.మీ. మందం) బోల్టులే మా దగ్గర ఐదు పొడవుల్లో తేలాయి! రెండు చాలు.

చిన్న మరలో 6204 సైజు బేరింగ్, మిగతావాటిలో 6205 వాడేవాళ్లం. ఇప్పుడు అన్నిటికీ 6205నే. చిన్న మరలో బేరింగ్ లోపలి రంధ్రం 20 నుంచి 25 మి.మీ. అవుతుంది కాబట్టి షాఫ్టు, బేరింగ్ కూర్చునే హౌసింగ్ కూడా మార్చాలి. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ స్టాకు టెన్షన్ తగ్గింది. మోటారు, పుల్లీ మాత్రం అన్నిటికీ ఒకటే పెట్టకండి, వేగం తేడా వస్తుంది.

ఒకే పార్టు అన్నిటికీ వాడతాం కాబట్టి పార్టు నంబరులో మోడల్ పేరు పెట్టొద్దు. డ్రాయింగ్ ఒక్కరి దగ్గరే ఉండాలి. ఒకసారి చిన్న మర కోసం షాఫ్టు పొడవు 3 మి.మీ. తగ్గించాను. అదే షాఫ్టు వాడే పెద్దదాంట్లో పుల్లీ వెళ్లి బాడీకి రాసుకుంది. ఇప్పుడు ఏది మార్చినా మూడు మరలూ బిగించి, తిప్పి చూశాకే సంతకం పెడతాను.