లీగ్ జట్టు ఫీజు బకాయి పెడితే ఆటగాడు ఏం చేయాలి?

2014 అక్టోబరు 14న విశాఖపట్నంలో భారత్, వెస్టిండీస్ జట్ల మధ్య మూడో వన్డే జరగవలసి ఉండగా, రెండు రోజుల ముందే హుద్‌హుద్ విరుచుకుపడి ఆ మ్యాచ్‌ను రద్దు చేయించింది. మన ఊరికి గుర్తున్నది తుపాను ఒక్కటే గానీ, ఆ పర్యటన అసలు కుప్పకూలింది 17వ తేదీన, ధర్మశాలలో నాలుగో వన్డే ముగిసిన రోజున. కారణం జీతాల తగాదా. వెస్టిండీస్ ఆటగాళ్ల సంఘం తమ క్రికెట్ బోర్డుతో కొత్త చెల్లింపుల ఒప్పందం కుదుర్చుకున్నది. అది తమ రాబడికి గండి కొడుతున్నదనీ, తమను సంప్రదించకుండానే సంతకం జరిగిందనీ డ్వేన్ బ్రావో నాయకత్వంలోని జట్టు తిరగబడింది.

వాళ్లకు పోట్లాడడానికైనా ఒక సంఘం ఉన్నది. అమెరికాలో 1994 ఆగస్టులో సమ్మెకు దిగి 232 రోజుల పాటు బేస్‌బాల్‌ను ఆపేసిన ఆటగాళ్ల వెనుకా సంఘమే ఉన్నది. మన క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ లీగుల్లో ఆటగాళ్లందరి తరఫున యాజమాన్యాలతో బేరమాడే అలాంటి బలమైన సంఘం లేదు కాబట్టి, ఎవరి ఒప్పందమే వారికి రక్ష.

అందువల్ల అసలు పని సంతకానికి ముందే ఉంటుంది. ఆ మధ్య గాజువాక కుర్రాడొకడు, మంచి రైడర్, తన ఒప్పందాన్ని ఫోనులో ఫోటోలుగా చూపించాడు. పద్నాలుగు పేజీల్లో అతని దగ్గర ఉన్నవి మూడే. మిగతావి జట్టు మేనేజరు ఇవ్వలేదట. ఉన్న మూడింటిలోనూ ఫీజు గురించిన వాక్యం ఇలా ముగిసింది: ‘స్పాన్సర్ల నిధులు అందిన మీదట చెల్లించబడును.’ నిధులు అందాయో లేదో చెప్పవలసింది జట్టే గనుక, ఈ వాక్యం ఉన్నంత కాలం ఆ కుర్రాడికి గడువు తేదీ అంటూ ఏదీ ఉండదు. మీకు ఇలాంటిది ఎదురైతే ఆ భాగం కొట్టివేయించి, వాయిదాలను సంఘటనలతో కాక తేదీలతో ముడిపెట్టించండి: సంతకం రోజున కొంత, ఫలానా తేదీకి కొంత, చివరి మ్యాచ్ తర్వాత ముప్పై రోజుల్లోపు మిగిలినది. ప్రాక్టీసులో గాయపడితే ఫీజు ఎంత వస్తుందో, ఆపరేషన్ ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోవాలి. ఇరుపక్షాలూ ప్రతి పేజీ మీద సంతకం చేసిన పూర్తి ప్రతి చేతికి రాకుండా శిబిరానికి బయలుదేరవద్దు.

ఇంకో సంగతి. ఈ ఒప్పందాల్లో ఆటగాడిని సాధారణంగా ఉద్యోగి అనరు, స్వతంత్ర కాంట్రాక్టరు అంటారు. వచ్చేది జీతం కాదు, వృత్తి రుసుము. కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లినా మీ ఫిర్యాదు అక్కడ నిలవడం కష్టం. అయితే ఇందులోనే ఒక మేలూ ఉన్నది. వృత్తి రుసుము మీద జట్టు సాధారణంగా 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి; ఆ పన్ను డబ్బు ఇచ్చినప్పుడే కాదు, ఖాతా పుస్తకాల్లో మీ పేరిట జమ రాసినప్పుడే పడుతుంది. కాబట్టి ఆదాయపు పన్ను పోర్టల్లో మీ పాన్ మీద కనిపించే, 26ఏఎస్ అని పిలుచుకునే పట్టిక తెరిచి చూడండి. చేతికి రాని ఫీజు అక్కడ కనిపిస్తే, బాకీ ఉన్నట్టు జట్టే రాసుకున్న గట్టి ఆధారం మీకు దొరికినట్లే.

గడువు దాటిన వెంటనే తేదీలు, మొత్తాలు, ఆడిన మ్యాచ్‌ల వివరాలతో నోటీసు రాసి స్పీడ్ పోస్టులో పంపి, అందిన రుజువు దాచుకోండి. ‘ఇస్తాం లెండి’ అన్న ఫోను మాటలతో కాలం గడపవద్దు, ఎందుకంటే ఒప్పందపు బాకీ కోసం కోర్టుకు వెళ్లడానికి కాలపరిమితి మూడేళ్లే. 2011లో ఒకే ఒక్క సీజన్ ఆడి ఐపీఎల్ నుంచి తొలగించబడిన కొచ్చి జట్టు తమకు 35 శాతం సొమ్ము ఇంకా బాకీ ఉన్నదని, దానికి ఆడిన ఆస్ట్రేలియా ఆటగాడు బ్రాడ్ హాడ్జ్ 2021లో బాహాటంగా అడిగాడు. అంత పేరున్నవాడికే పదేళ్లు.

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు మధ్యవర్తి తీర్పు) నిబంధన ఉంటే, దాన్ని ప్రారంభించమని కోరే నోటీసు అవతలివారికి అందిన రోజే ప్రక్రియ మొదలైనట్లు లెక్క. విచారణ ముంబయిలోనో ఢిల్లీలోనో అని రాసి ఉంటే రైలు ఖర్చులే ఫీజును మింగుతాయి, కనుక వేదికగా విశాఖను సంతకానికి ముందే అడగాలి. వివాదంలో ఆసక్తి ఉన్న పక్షమే ఏకైక ఆర్బిట్రేటరును తానొక్కటే ఎంచుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

వకీలుకు ఇచ్చుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. ఫోను నంబరు 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం అందుతుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కూ వెళ్లవచ్చు. అక్కడ రాజీ కుదిరితే అక్కడి తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అవతలివారు ఒప్పుకోకపోతే మాత్రం ఏమీ తేలదు.

ఫుట్‌బాల్ ఆటగాళ్ల స్థితి కొంత మెరుగు. రెండు నెలల జీతం అక్రమంగా ఆపితే, 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి ఒప్పందం నుంచి బయటపడే హక్కును ఫిఫా నిబంధనలు ఇచ్చాయి.

చివరికి జట్టు దిగివచ్చి రాబోయే తేదీ వేసిన చెక్కు ఇస్తే తీసుకోండి గానీ, ‘పూర్తి సొమ్ము ముట్టింది’ అన్న రసీదు మీద డబ్బు ఖాతాలో పడేదాకా సంతకం చేయవద్దు. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. అది తిరిగి వస్తే, బ్యాంకు తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లోనూ చెల్లించకపోతే, ఆపై నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి.