పంద్రాగస్టు మరునాడు మొదలుపెట్టవలసిన పనులు

స్వాతంత్ర్య దినోత్సవం నాడు వాట్సాప్ స్టేటస్‌లో జెండా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. అయితే బెంగళూరులో ఉద్యోగరీత్యా స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి దేశం మీద ఉన్న అభిమానం ఆ ఒక్క రోజుతో, ఫోన్ తెర మీదనే ఆగిపోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ అభిమానాన్ని మనముంటున్న వీధి వైపు మళ్లించడానికి కొన్ని పనులు చెబుతాను.

మొదట జెండాతోనే ప్రారంభించండి. ఆగస్టు 16 ఉదయం కాలిబాట మీద కాగితపు జెండాలు కనిపిస్తే ఏరి తీయండి. 2002 నాటి జెండా నియమావళి ప్రకారం వాటిని నేల మీద పారవేయరాదు. బాల్కనీలో కట్టిన జెండా చిరిగిపోతే వెంటనే దించి, నలుగురి కంట పడకుండా, గౌరవంగా దహనం చేయండి.

ఫార్వర్డుల విషయంలోనూ ఇంతే శ్రద్ధ అవసరం. మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించిందన్న సందేశం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది కానీ, ఆ సంస్థ అటువంటి ప్రకటన ఏదీ చేయలేదు. దేశాన్ని పొగిడే వార్తయినా సరే, ఆధారం దొరకనిదే పంపకండి. బాబాయో పెదనాన్నో పంపితే గ్రూపులో అందరి ముందూ తప్పుపట్టకుండా, విడిగా ఫోన్ చేసి చెప్పండి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసినది చెత్త విషయంలో. 2015 చివరలో కర్ణాటక హైకోర్టు ఆదేశంతో నగరంలో రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి వచ్చింది. తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, డైపర్లు, శానిటరీ ప్యాడ్ల వంటివి ఎర్ర బుట్టలో, ప్లాస్టిక్, కాగితం వంటి పొడి చెత్త సంచిలో వేయాలి. పాల ప్యాకెట్లను కడిగి ఆరబెట్టండి. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి, పైన ‘గాజు’ అని రాసి విడిగా ఇవ్వండి, ఎందుకంటే మనం కలిపేసిన దానిని పౌరకార్మికులు, అంటే పారిశుద్ధ్య కార్మికులు, చేతులతో వేరు చేయవలసి వస్తుంది. సరిహద్దులో సైనికునికి వందనం చేసే మనం, తెల్లవారుజామున మన గేటు ముందుకు వచ్చే మనిషి చేయి తెగకుండా చూడలేమా? పనిమనిషి చూసుకుంటుందిలే అని వదిలేయకుండా, వారం రోజులు మీరే దగ్గరుండి వేరు చేస్తే ఇంటిల్లిపాదికీ అలవాటవుతుంది.

రోడ్డు ప్రమాదం కనిపిస్తే వీడియో తీయడం మాని 108కి ఫోన్ చేయండి. సాయపడినవారిని పేరు చెప్పమని పోలీసులు బలవంతపెట్టరాదన్న రక్షణ చట్టంలోనే ఉంది.

ఇక ఓటు. 2024లో బెంగళూరు నియోజకవర్గాలలో ఏప్రిల్ 26న, ఆంధ్ర, తెలంగాణలలో మే 13న పోలింగ్ జరిగింది. సొంతూరికి వెళ్లి ఓటు వేసి రావడంలోని మమకారం నాకు అర్థమవుతుంది. కానీ ఊరిలో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసిగా చట్టం పరిగణించదు, రెండు చోట్ల పేరు ఉండటమూ కుదరదు. మన కాలువ, మన నీరు, మన రోడ్డు గురించి నిర్ణయించేది ఇక్కడి ప్రతినిధులే కనుక, ఇక్కడే ఉండేవారు ఇక్కడే ఓటు నమోదు చేసుకోవడం న్యాయమని నా అభిప్రాయం. 2025లో నగరపాలన ఐదు కార్పొరేషన్లుగా విడిపోయింది కాబట్టి మీ వీధి దేని కిందికి వస్తుందో ముందు తెలుసుకోండి. ఊరి జాబితాలోని ఓటును ఇక్కడికి మార్చుకోవడానికి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఫారం 8 నింపాలి. బూత్ స్థాయి అధికారి విచారణకు ఇంటికి రావచ్చు కనుక, కొత్త చిరునామా ఉన్న ఆధార్ గానీ రిజిస్టరైన అద్దె ఒప్పందం గానీ సిద్ధంగా ఉంచుకోండి.