చలికి బిగుసుకుపోయిన నైట్రో ట్రక్కును ఎలా దారికి తెచ్చానంటే

చలి 5 డిగ్రీలకు దిగిన రోజు నా నైట్రో ట్రక్కు (నైట్రోమీథేన్, మెథనాల్, నూనె కలిసిన ఇంధనంతో నడిచే రిమోట్ కంట్రోల్ బొమ్మ ట్రక్కు) ఇంజిన్‌ను స్టార్ట్ చేసే పుల్ స్టార్ట్ తాడు సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ఇంజిన్ పోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. లోపం అది కాదు. ఈ ఇంజిన్లలో స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) పైభాగాన్ని కావాలనే ఇరుకుగా చేస్తారు, వేడెక్కితే అది వ్యాకోచించి పిస్టన్‌కు సరిగ్గా కుదురుతుంది, చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా లాగితే మాత్రం భారమంతా పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది.

అందుకే ఇప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్‌ను (ఇంజిన్ పైభాగాన్ని) చెయ్యి ఆనించలేనంత వేడి చేశాకే తాడు లాగుతున్నాను. రెండో లాగుకే అందుకుంటోంది.

తర్వాత ఇంకో బాధ, రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయేది. టెంపరేచర్ గన్ పెడితే హెడ్ 70 డిగ్రీలే. హెడ్ చుట్టూ వేడిని వదిలే రెక్కల్లాంటి ఫిన్లలో కింది సగానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టాక 100 దాటింది. వేడి కోసం నీడిల్ (ఇంజిన్‌కు వెళ్లే ఇంధనాన్ని తగ్గించి పెంచే స్క్రూ) బిగించకండి, దయచేసి! చల్లగాలి చిక్కన, దాంతో మిశ్రమం ముందే లీన్ (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ) అవుతుంది, ఇంకా బిగిస్తే ఇంధనంలో ఉండే నూనె అందక పిస్టన్ గీసుకుపోతుంది. నేను హై స్పీడ్ నీడిల్‌ను (ఎక్కువ వేగంలో ఇంధనాన్ని సరిచేసేది) చుట్టులో ఎనిమిదో వంతు తెరిచాను, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా సైలెన్సర్ నుంచి సన్నటి పొగ గీత కనిపిస్తోంది.

చలికి రిసీవర్ (ట్రక్కులో రిమోట్ సిగ్నల్ అందుకునే పరికరం) బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ట్రక్కును ఆపే ఏర్పాటు) ఒకసారి చూసుకోండి. ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనాన్ని కాల్చేసి, ఆఫ్టర్ రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా ఇంజిన్‌లో వేసే నూనె) వేస్తున్నాను, ఇంధనంలోని మెథనాల్ తేమను లాక్కుని బేరింగ్‌లకు తుప్పు పట్టిస్తుంది కదా.