వానలకు ముందు బడిపిల్లల్లో నులిపురుగులు, రక్తహీనత: జాగ్రత్తలు

నులిపురుగుల మాత్ర వేసినంత మాత్రాన రక్తం పెరగదు. ఆ మాత్ర కారిపోతున్న రక్తాన్ని ఆపుతుంది, అంతే. పోయిన ఇనుమును నింపాల్సింది తిండి, ఐరన్ మాత్రలు. ఒకటి చేసి రెండోది వదిలేస్తే, మరుసటి ఏడు అదే పిల్లలు మళ్లీ పాలిపోయి కనిపిస్తారు.

నులిపురుగుల్లో రక్తం ఎక్కువగా తాగేవి కొంకిపురుగులు (హుక్‌వర్మ్). పేగు గోడను కరుచుకుని ఉంటాయి. ఒక రకంలో ఒక్కో పురుగు వల్ల రోజుకు 0.03 మి.లీ. రక్తం పోతుంది, ఇంకో రకంలో 0.15 మి.లీ., ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. మొదటి రకం వంద ఉన్నా రోజుకు 3 మి.లీ., అంటే అర టీస్పూను పైమాటే. విరేచనంలో ఎరుపు కనపడదు, పిల్లాడు నొప్పి అని కూడా అనకపోవచ్చు.

వానలు పడ్డాక ముప్పు మట్టిలో ఉంటుంది. ఆరుబయట మలంలోని కొంకిపురుగు గుడ్లు తడి, నీడ ఉన్న వెచ్చటి నేలలో ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. 5 నుంచి 10 రోజుల్లో ఆ పిల్లపురుగులు ఉత్తకాళ్ల చర్మంలోంచి లోపలికి దూరే స్థితికి వస్తాయి. ఈ రోజు వేసిన మాత్ర రేపు దూరేవాటిని ఆపదు. అందుకే మరుగుదొడ్డి, చెప్పులు రెండూ కావాలి. (చెప్పులున్న పిల్లలూ ఆట మొదలవగానే విప్పేస్తారు, అది చూసుకోండి.) మరో రకం నులిపురుగైన ఏలికపాము గుడ్లు మాత్రం నోటి ద్వారా వెళ్తాయి. వాటిని శానిటైజర్ చంపదు. గోళ్లు కత్తిరించి, సబ్బుతో పారే నీళ్ల కింద గోటి సందులు రుద్దాల్సిందే.

బడిపిల్లలకు నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మోతాదు. నమిలి మింగించాలి, అదీ మీ ఎదురుగా. నమలలేని పిల్లలకు పొడిచేసి నీళ్లతో ఇవ్వండి. ఏడుస్తున్న పిల్లాడి నోట్లో బలవంతంగా కుక్కితే గొంతుకు అడ్డం పడుతుంది. జ్వరం ఉంటే వాయిదా వేయండి, మూర్ఛలు వచ్చే పిల్లలైతే ముందు డాక్టర్ని అడగండి. పురుగులు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ రోజు కడుపునొప్పి, వికారం రావచ్చు. కొరడా పురుగులు (విప్‌వర్మ్) అనే ఇంకో రకానికి ఒక్క మోతాదు సరిగా పనిచేయదు.

కింది కనురెప్పను కొద్దిగా లాగి చూడండి: లోపల ఎర్రగా కాక తెల్లగా ఉంటే, పిల్ల బలపమో మట్టో నములుతుంటే రక్తపరీక్ష చేయించండి. 100 మి.లీ. రక్తంలో హిమోగ్లోబిన్ 5–11 ఏళ్లకు 11.5, 12–14 ఏళ్లకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. 8 లోపైతే ఆసుపత్రికే.

ఐరన్‌ను టీతో, పాలతో ఇవ్వొద్దు, సగం పని చెడుతుంది. విరేచనం నల్లబడితే కంగారు అక్కర్లేదు. సీసాను మాత్రం తాళం వేసి ఉంచండి, చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. నెల రోజులు సరిగ్గా వాడినా హిమోగ్లోబిన్ 1 గ్రామైనా పెరగకపోతే మోతాదు పెంచకుండా మలేరియా, అలాగే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులైన తలసీమియా, సికిల్ సెల్ పరీక్షల గురించి డాక్టర్ని అడగండి.